నేలకి తాళ్లతో కట్టిన సెస్నా 172 (చిన్న విమానం) పొద్దున్నకి వదులవుతోందా? నా అనుభవం

లక్షణం: సాయంత్రం బిగించిన తాళ్లు పొద్దున్నకి వేలాడతాయి, చక్రాలు బెత్తెడు జరిగి ఉంటాయి. లావు తాడు, ఇంకా గట్టిగా లాగడం, పార్కింగ్ బ్రేక్ మీద భారం వేయడం: ఏదీ పనిచేయలేదు.

అసలు తప్పు వరసలో ఉంది. కట్టాక ఇంధనం నింపుతున్నాం. 172ఎస్‌లో (సెస్నా 172లో ఒక రకం) వాడదగిన 53 గ్యాలన్లంటే దాదాపు 144 కిలోలు, అదీ రెక్కల్లోనే. ఆ బరువుకి ల్యాండింగ్ గేర్ (చక్రాల కాళ్లు) కుంగి, రెక్కలు దిగి, తాడు వదులవుతుంది. గాలికి రెక్క లేచి ఆగినప్పుడల్లా తాడు మీద కుదుపే. దానికి జారుముడి ఊడకుండా ఉంటుందా?

ఇప్పుడు ముందు ఇంధనం. తర్వాత ముక్కు గాలికి ఎదురుగా, ముక్కు చక్రం తిన్నగా. చక్రాలకి ముందూ వెనకా చాక్స్ (అడ్డుదిమ్మలు), ఆ రెండింటినీ కలిపి తాడుతో బిగించాలి, లేకపోతే కుదుపుకి ఒకటి పక్కకి తప్పుకుంటుంది. ఆపైన రెక్కల తాళ్లు: రెక్క కింది రింగుకే, స్ట్రట్‌కి (రెక్కని మోసే ఏటవాలు కడ్డీకి) ఎప్పుడూ కాదు. బౌలైన్ (జారని ఉచ్చు) ముడి వేసి, అంగుళం వదులు ఉంచాలి. మనీలా తాడు (నార తాడు) తడిస్తే కుంచించుకుపోతుంది, బిగుతుగా కట్టి ఉంటే రెక్కనే వంచేస్తుంది. చివరికి తోక తాడు, కంట్రోల్ లాక్ (గాలికి కంట్రోల్స్ కదలకుండా), పిటో కవర్ (వేగం కొలిచే గొట్టానికి మూత).

ఎత్తు రెక్కల (క్యాబిన్ పైన రెక్కలుండే) విమానాలకే ఇది చూశాను. కింది రెక్కల పైపర్ లాంటివాటికి గేర్ వేరు, వాటి సంగతి నేను చూడలేదు. ఈదురుగాలుల హెచ్చరిక ఉంటే మాత్రం హ్యాంగరే మేలు.