పాలు లేని పండుగ తీపి, నాలుగో పాఠం: నీళ్ళతో చాక్లెట్ మూస్

పోయిన పాఠంలో కొబ్బరి క్రీమ్ గిలకొట్టమన్నాను. చాలామందికి అది నిలబడలేదు. కొందరికి ఎంత కొట్టినా నీళ్ళలాగే ఉండిపోయింది. ఇంకొందరికి కేకు మీద అందంగా నిలిచి, అతిథులు కూర్చునేలోపు జారిపోయింది. ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఈ రోజు చేసే మూస్, అంటే గాలి నింపి నురుగులా చేసే మెత్తటి తీపి, దాని వెనకా అదే పని ఉంది. కొవ్వు చల్లబడి గట్టిపడుతూ గాలి బుడగల్ని పట్టుకోవాలి.

కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. వంటగది అంతకన్నా వేడిగా ఉంటే బుడగల్ని పట్టుకునేది ఏదీ ఉండదు. డబ్బాని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమంటే మీలో చాలామంది రెండు గంటలతో సరిపెట్టారు. పైన రేకు చల్లగా తగిలినంత మాత్రాన లోపలిది చల్లబడినట్టు కాదు. తొందరపడి ఫ్రీజర్‌లో పెట్టినవాళ్ళకు పలుకులు తగిలాయి, అవి గడ్డకట్టిన నీళ్ళు. తెరిచేముందు అలవాటుకొద్దీ డబ్బాని ఊపినవాళ్ళు, రాత్రంతా పైకి తేలిన మీగడని మళ్ళీ అడుగు నీళ్ళలో కలిపేశారు. తాగడానికి అమ్మే పల్చటి కొబ్బరి పాలతో ప్రయత్నించినవాళ్ళకు ఇక ఏం చేసినా రాదు. డబ్బా మీద కొవ్వు 20 శాతానికి తక్కువుంటే నేను కొననే కొనను.

జారిపోయినవాళ్ళ తప్పేమీ లేదు. అది నేను చెప్పకుండా వదిలేసిన మాట. కేకు పూర్తిగా చల్లారాలి, క్రీమ్ వడ్డించే నిమిషం వరకు ఫ్రిజ్‌లోనే ఉండాలి. గోరువెచ్చటి కేకు మీద ఏ కొబ్బరి క్రీమూ నిలబడదు.

ఒక ఇంట్లో క్రీమ్ చక్కగా కుదిరింది. అయినా ఆ రాత్రి అతిథికి కడుపు ఉబ్బి నిద్ర లేదు. ఆరా తీస్తే, కేకు అడుగున పొడి చేసి పరిచిన బిస్కెట్లలో వే పొడి ఉంది. వే అంటే పాలు విరిచాక మిగిలే నీళ్ళు. దాన్ని ఎండబెట్టిన పొడిలో సుమారు 70 శాతం లాక్టోజే, అంటే పాలలో ఉండే చక్కెర. కొవ్వు తీసిన పాలపొడిలో అది దాదాపు సగం. పాలు, మీగడ అన్న మాటలు కనిపించకపోతే చాలనుకుంటారు, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. వే, పాలపొడి, పాల ఘనపదార్థాలు, లాక్టోజ్ అన్న మాటలు కూడా వెతకాలి. ‘నాన్ డెయిరీ’ అని పెద్ద అక్షరాలతో రాసిన కాఫీ క్రీమర్ పొడిలో కూడా పాల ప్రోటీన్ అయిన కేసిన్ ఉండొచ్చు. ‘లాక్టోజ్ ఫ్రీ’ పాలు అచ్చంగా పాలే, లాక్టోజ్‌ని మాత్రం ఎంజైమ్‌తో ముందే విడగొట్టి ఉంటారు. రుచి చూసి పట్టుకుందామన్నా కుదరదు, లాక్టోజ్‌కి మామూలు చక్కెరంత తీపి లేదు. కోకో బటర్‌ని చూసి మాత్రం కంగారుపడకండి, అది కోకో గింజ కొవ్వు.

దీనికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మన భాషలో ‘పాలు పడవు’ అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు ఇబ్బందులు దాగి ఉన్నాయి. చిన్నపేగులో లాక్టేజ్ ఎంజైమ్ తక్కువైతే లాక్టోజ్ అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్, ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. వీళ్ళలో చాలామంది ఒక కప్పు పాలలో ఉండే 12 గ్రాముల లాక్టోజ్‌ని పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. పండుగ భోజనంలో నాలుగు వంటల్లో కొంచెం కొంచెంగా కలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. రెండోది ఎలర్జీ. అది పాల ప్రోటీన్ వల్ల వస్తుంది, జాడగా తగిలినా ప్రాణం మీదికి రావచ్చు. ‘కొంచెం తగిలినా ప్రమాదమా, ఎక్కువైతేనే ఇబ్బందా?’ అని పిలిచేటప్పుడే అడగండి. గింజలు, పప్పులు పడతాయో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. బాదం పాలతో ఒకరికి మేలు చేయబోయి ఇంకొకరికి కీడు చేయకూడదు.

ఇక మూస్. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఎర్వే తీస్ 1995లో చూపించిన పద్ధతి ఇది. మీగడ లేదు, గుడ్డు లేదు, చాక్లెట్, నీళ్ళు అంతే. 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, నీళ్ళు 180 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు తీసుకోండి. ఉప్పు నా ఇష్టం, నేనైతే మానను. చాక్లెట్ కాగితం వెనక చదవడం మర్చిపోకండి, డార్క్ చాక్లెట్‌లోనూ పాల కొవ్వు కలిపేవాళ్ళున్నారు. ఎలర్జీ ఉన్న అతిథి అయితే, పాల జాడలు ఉండొచ్చని రాసిన చాక్లెట్‌ని కూడా పక్కన పెట్టండి.

సన్నటి సెగ మీద చాక్లెట్, నీళ్ళు, ఉప్పు కలిపి నున్నగా కరిగించండి. ఇంత పల్చగా ఉందేమిటని టెన్షన్ పడకండి. ఐసు ముక్కలు, నీళ్ళు పోసిన పెద్ద గిన్నెలో చాక్లెట్ గిన్నెని కూర్చోబెట్టి విస్క్‌తో, అంటే గిలకొట్టే తీగల గరిటతో, కొట్టండి. నేను ఎలక్ట్రిక్ బీటర్ వాడను. మూస్ చిక్కబడే క్షణం చేతికి తెలుస్తుంది, మెషీన్‌కి తెలియదు. మొదట కొన్ని నిమిషాలు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా చిక్కబడుతుంది. రంగు లేతబడి, విస్క్ తిరిగిన గీత చెరిగిపోకుండా నిలిచిందా, వెంటనే గిన్నెని ఐసు మీద నుంచి తీసి కప్పుల్లోకి వేసేయండి. ఇంకాస్త గట్టిపడాలనిపించిన చోటే ఆగాలి, కప్పులో అదే గట్టిపడుతుంది.

కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర గానీ కరగదు. కొబ్బరి క్రీమ్ జారిపోయిన బల్ల మీద ఇది నిలబడుతుంది. నీళ్ళ బదులు పాలు కలపని కాఫీ గానీ, వడకట్టిన నారింజ రసం గానీ పోయొచ్చు. నాకు కాఫీతోనే ఇష్టం.

అభ్యాసం అతిథులు లేని రోజు చేయాలి, అదే చాక్లెట్‌తో మూడుసార్లు. మొదటిసారి కావాలనే ఎక్కువ కొట్టి, ఇసుకలా పలుకులు తేలేదాకా చూడండి. దాన్ని పారేయకుండా మళ్ళీ కరిగించండి, మొత్తం మళ్ళీ నున్నగా అవుతుంది. రెండోసారి తొందరగా ఆపేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఎంత గట్టిపడిందో రాసుకోండి. మళ్ళీ కరిగించి మూడోసారి సరైన చోట ఆపండి. ఎంత కొట్టినా చిక్కబడకపోతే నీళ్ళు ఎక్కువైనట్టు, 20 గ్రాముల చాక్లెట్ చేర్చి మళ్ళీ కరిగించండి. ఏ చాక్లెట్‌కి ఎన్ని నీళ్ళు సరిపోయాయో ఆ కాగితం మీదే రాసి దాచుకోండి, ఐదో పాఠానికి ఆ అంకె కావాలి.