రిపోర్టులకు వేరే డేటాబేస్ పెట్టుకోండి

నెలాఖరున అకౌంట్స్ వాళ్లు స్టాక్ రిపోర్టు నొక్కగానే బిల్లింగ్ స్క్రీన్ కదలకుండా ఉండిపోయేది. రెండేళ్లు ఆ టెన్షన్ పడ్డాక రిపోర్టులన్నీ రెప్లికా (అసలు డేటాబేస్‌లోని మార్పులను వెంటవెంటనే అందుకునే కాపీ) మీదికి మార్చాను. మా ఈఆర్‌పీ (బిల్లింగ్, స్టాక్, అకౌంట్స్ కలిపి చూసే సాఫ్ట్‌వేర్) నడిచేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద, కాబట్టి దాని సంగతే చెబుతాను.

అసలు సర్వర్‌లో రెప్లికేషన్ హక్కున్న యూజర్‌ని చేసి, ఎవరు కనెక్ట్ కావచ్చో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో (pg_hba.conf) రెప్లికా ఉండే రెండో సర్వర్ ఐపీకి అనుమతి ఇవ్వండి. రెండింట్లోనూ మేజర్ వెర్షన్ ఒకటే ఉండాలి. రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ ఖాళీ చేయండి. ఎంటర్ నొక్కే ముందు ఏ మెషీన్‌లో ఉన్నారో మరోసారి చూసుకోండి! తర్వాత అక్కడే పోస్ట్‌గ్రెస్ కాపీ టూల్ పీజీ బేస్‌బ్యాకప్‌ని (pg_basebackup) పెద్ద ఆర్ (-R) ఆప్షన్‌తో నడిపితే కాపీతోపాటు కనెక్షన్ వివరాలూ అదే రాసిపెడుతుంది. ఇక సర్వీస్ స్టార్ట్ చేయడమే.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. పెద్ద రిపోర్టు మధ్యలోనే రద్దయిపోతుంది. అసలు సర్వర్‌లో వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని, అక్కర్లేని పాత రో (row)లను తుడిచేస్తుంది. ఆ మార్పు రెప్లికాలోనూ జరగాలి, కానీ రిపోర్టు ఇంకా వాటినే చదువుతుంటుంది. మామూలుగా రెప్లికా 30 సెకన్లే ఓపిక పడుతుంది. నేను ఆ ఓపికను నిర్ణయించే మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలే సెట్టింగ్‌ని 15 నిమిషాలకు పెంచాను. డేటా కాస్త పాతబడుతుంది, అయినా అదే నయం. హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (రెప్లికా ఇంకా చదువుతున్నవాటిని తుడవొద్దని అసలు సర్వర్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్ చేస్తే, పాత రోలు పోకుండా అసలు సర్వర్‌లో టేబుళ్లు ఉబ్బుతాయి.

రెప్లికేషన్ స్లాట్ (రెప్లికాకు ఇంకా అందని మార్పుల లాగ్‌ను అసలు సర్వర్ దాచి ఉంచే ఏర్పాటు) వాడితే, ఆ లాగ్ ఎంతవరకు దాచాలో చెప్పే, వెర్షన్ 13 నుంచి ఉన్న మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ తప్పక పెట్టండి. లేదంటే రెప్లికా ఆగిన రోజు అసలు సర్వర్ డిస్క్ నిండిపోతుంది.

ప్రతి రిపోర్టు పైన చివరిగా అందిన లావాదేవీ సమయం చూపిస్తాను. అప్పటినుంచి "లెక్క తేడా వస్తోంది" అనే ఫోన్లు ఆగాయి.