ఫంక్షన్ నుంచి థ్రెడ్ల దాకా - 5: ఎక్కడ విడగొట్టాలి?

మన కంపైలర్ (ప్రోగ్రామ్‌ని యంత్రం నడపగలిగే కోడ్‌గా మార్చేది) ఒక ఫంక్షన్‌ని థ్రెడ్లుగా ఎలా విడగొట్టాలో చూస్తున్నాం. పోయిన పాఠంలో ఆ ఫంక్షన్‌ని బొమ్మగా గీశాం: ఒక్కో లెక్కా ఒక ముడి, దాని ఫలితం ఇంకో లెక్కకి చేరే దారి ఒక గీత. ఆ బొమ్మ చూడగానే ప్రతి ముడినీ ఒక థ్రెడ్ చేసేద్దామనిపిస్తుంది. నేనూ మొదట అదే చేశాను. కూడిక కన్నా దాన్ని క్యూలో పెట్టి తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. అందుకే ముడుల్ని గుంపులు చేస్తాం. ఇక్కడ థ్రెడ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేది కాదు, ఒకసారి మొదలైతే మధ్యలో దేనికోసమూ ఆగని చిన్న కోడ్ ముక్క.

మరి అన్నిటినీ ఒకే గుంపులో వేస్తే పోలేదా? ఇది చూడండి:

జత(క, గ) = (క + 1, (క − 3) + గ × 2)
(మ, న) = జత(5, మ)

లోపలికి వెళ్తున్న మ, అదే పిలుపు ఇవ్వాల్సిన మొదటి ఫలితం! తిరకాసుగా ఉన్నా, అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టి ఎం.ఐ.టి.లో ఎదిగిన ఐడి (Id) లాంటి ప్రోగ్రామింగ్ భాషలో ఇది సరైన ప్రోగ్రామే. అక్కడ ఆర్గ్యుమెంట్లు, అంటే ఫంక్షన్‌కి ఇచ్చే ఇన్‌పుట్లు, అన్నీ రాకముందే ఫంక్షన్ పని మొదలుపెట్టొచ్చు. మ 6 అవుతుంది, న 2 + 12, అంటే 14. అంతా ఒకే థ్రెడ్ చేశామా, అది మొదలవ్వకుండానే గ కోసం కూర్చుంటుంది. ఆ గ రావాల్సింది తన నుంచే. డెడ్‌లాక్! ప్రోగ్రామ్ రాసినవాడు తన కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు మన కంపైలర్‌ది.

దీనికి మందు సులువే. ప్రతి ముడి పక్కనా అది ఏయే ఇన్‌పుట్ల మీద ఆధారపడిందో రాయండి. క + 1, క − 3 పక్కన క. గ × 2 పక్కన గ. చివరి కూడిక పక్కన రెండూ. ఒకే జాబితా ఉన్నవి ఒకే థ్రెడ్. మొత్తం మూడు. కూడిక థ్రెడ్‌కి 2తో మొదలయ్యే కౌంటర్ పెట్టండి. మిగతా రెండు థ్రెడ్లూ తమ పని కాగానే చెరొకటి తగ్గిస్తాయి, సున్నా అయితే అది నడుస్తుంది. మెమరీ నుంచి చదివిన విలువా, వేరే ఫంక్షన్ పంపే జవాబూ ఎప్పుడొస్తాయో తెలీదు కాబట్టి వాటినీ ఇన్‌పుట్లుగానే లెక్కేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

ఇప్పుడు బొమ్మని అటునుంచి చూడండి: ప్రతి ముడీ ఏయే ఫలితాలకి పనికొస్తుంది? క + 1 మొదటిదానికి, మిగతా మూడూ రెండోదానికి. రెండే థ్రెడ్లు, డెడ్‌లాక్ కూడా లేదు!

జత మూడో ఫలితంగా గ × 2 ని కూడా ఇస్తే, ఏ పద్ధతిలో ఎన్ని థ్రెడ్లు వస్తాయో కాగితం మీద వేసి చూడండి. జవాబు వచ్చే పాఠంలో.