మీ కాలనీ సీసీ రోడ్డు లెక్క తేల్చడం ఎలా?

రోడ్డు వేసి ఏడాది తిరక్కుండానే కంకర తేలిందని ఫొటో తీసి, కమిషనర్‌ను ట్యాగ్ చేసి, నాలుగు మాటలు రాసి పడుకునేవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. దానివల్ల జరిగేది ఇంతే: ఓ ట్రాక్టరు వచ్చి గుంతల్లో కాస్త డస్టు పోసి పోతుంది, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పరిష్కారమైనట్టు మూసేస్తారు. మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్‌కు అర్థమయ్యే భాష కొలత. "రోడ్డు నాసిరకంగా ఉంది" అని రాస్తే జవాబుగా "పరిశీలించి చర్యలు తీసుకుంటాం" వస్తుంది. "ఎం.బుక్‌లో వెడల్పు 5.50 మీటర్లు, నేల మీద 4.90" అని రాస్తే, ఆ కొలతల పుస్తకం రాసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కుర్చీలోంచి లేవక తప్పదు.

తెలంగాణలో, ఆంధ్రలో శివారు మున్సిపాలిటీలన్నిటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావలసినవి: 30 మీటర్ల స్టీలు టేపు, 5 మీటర్ల చేతి టేపు, సుద్దముక్క, పెన్ను, నోటు పుస్తకం, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి. ఫైబర్ టేపు వద్దు. అది లాగితే సాగుతుంది, వదిలితే వేలాడుతుంది. ఫోన్‌లో దూరం కొలిచే యాప్‌లు, గూగుల్ మ్యాప్‌లో గీత గీసి చూడటం అసలే వద్దు. చెట్ల నీడలో రోడ్డు అంచు ఎక్కడుందో ఉపగ్రహానికీ తెలియదు.

మొదటి పని: ఒక్క రోడ్డు ఎంచుకోండి

కాలనీ మొత్తానికి లెక్క అడగొద్దు. "గత పదేళ్లలో మా వార్డులో చేసిన అన్ని పనుల వివరాలు" అని అడిగితే, ఆ రూపంలో ఇవ్వడం కార్యాలయానికి భారమంటూ సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 7(9) చూపి పక్కన పెడతారు. ఏడాదిలోపు వేసిన ఒక్క రోడ్డు చాలు. ఫైనల్ బిల్లు ఇంకా కాలేదంటే మరీ మంచిది. చెల్లింపు అయిపోయాక డబ్బు రాబట్టడం కంటే, బిల్లు టేబుల్ మీదుండగా ఆపడం తేలిక.

రెండో పని: ఆర్టీఐ దరఖాస్తు

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. పైన "ప్రజా సమాచార అధికారి, మున్సిపల్ కమిషనర్ కార్యాలయం" అని హోదాతో రాస్తే చాలు. పేరు రాస్తే, ఆయన బదిలీ అయ్యారంటూ కవరు తిరిగొచ్చే అవకాశం ఉంది. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించండి. మండల స్థాయి కార్యాలయమైతే 5 రూపాయలు, గ్రామ పంచాయతీ అయితే ఏమీ లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. సెక్షన్ 6(2) ప్రకారం కారణం అడిగే అధికారం వాళ్లకు లేదు. కాబట్టి "ప్రజాధనం దుర్వినియోగం అవుతున్నందున" లాంటి ముందుమాటలు కొట్టేయండి.

ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. "రోడ్డు ఎందుకు పగిలింది? బాధ్యులెవరు?" అని అడుగుతారు. చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న కాగితం. "ఎందుకు" అన్నదానికి ఆ కార్యాలయంలో కాగితం ఉండదు, అది కోరిన సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాగితాన్ని దాని పేరుతో అడగాలి. ఇలా:

"ఫలానా కాలనీ రోడ్ నం. 4లో గుడి నుంచి వాటర్ ట్యాంకు వరకు వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి, సెక్షన్ 2(జె) కింద ఈ రికార్డులను ముందు తనిఖీ చేసి, తర్వాత నేను గుర్తించిన పేజీల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు: పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, సవివర అంచనా, సైట్ ప్లాన్, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్, ఎం.బుక్ పేజీలు, పార్ట్ బిల్లు, ఫైనల్ బిల్లు, క్వాలిటీ కంట్రోల్ నివేదికలు, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు."

ముందు తనిఖీ అడగడం తప్పనిసరి. నేరుగా నకళ్లు అడిగితే, అక్కర్లేని టెండరు షరతుల కాగితాలు రెండొందల పేజీలు జెరాక్స్ తీసి, పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమని ఉత్తరం పంపుతారు. ఆ ఉత్తరం బయల్దేరిన రోజు నుంచి మీరు డబ్బు కట్టేదాకా 30 రోజుల గడువు లెక్కలోకి రాదు. తనిఖీలో మొదటి గంట ఉచితం. ఒక రోడ్డు ఫైలుకు ఆ గంట సరిపోతుంది.

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదంటే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు కట్టనక్కర్లేదు, సెక్షన్ 7(6). కాంట్రాక్టరుది థర్డ్ పార్టీ సమాచారం అంటే, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు చెరిపేసి మిగతాది సెక్షన్ 10 కింద ఇవ్వమనండి. ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీలోకో, మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్‌లోకో కలిసిపోయి, పాత రికార్డులు ఇక్కడ లేవంటే, ఉన్నచోటికి 5 రోజుల్లో బదిలీ చేయడం వాళ్ల పనే, సెక్షన్ 6(3). 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పటి నుంచి శివార్లలో ఈ జవాబు వినబడుతూనే ఉంది. ఫైలు మీరు వెతుక్కుంటూ తిరగొద్దు.

ఈ పనికి కార్పొరేటర్‌ను పట్టుకోవడం నయమనేవాళ్లున్నారు. ఆయన ఫోన్ చేస్తే గుంత పూడుతుంది, నిజమే. కానీ ఎం.బుక్ నకలు చేతికి రాదు. పైగా ఆ రోడ్డుకు కొబ్బరికాయ కొట్టింది ఆయనే.

మూడో పని: ఎం.బుక్‌ను నేలతో సరిచూడటం

తొందర పనికిరానిది ఇక్కడే. అర పూట కేటాయించండి.

ఎం.బుక్ అంటే కొలతల పుస్తకం. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి. ఏఈ కొలిచి రాస్తారు, ఆయన పై అధికారి డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) మళ్లీ కొలిచి సరిచూస్తారు (చెక్ మెజర్‌మెంట్). ప్రతి వరుసలో పని వివరం, సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం ఉంటాయి. ఆ పరిమాణాన్ని అగ్రిమెంటు రేటుతో గుణిస్తే వచ్చేదే బిల్లు. అంచనాలో ఎంత రాశారన్నది ఇప్పుడు అనవసరం. డబ్బు వెళ్లేది ఎం.బుక్ అంకెల మీద. అంచనా కాగితం పట్టుకుని రోడ్డు కొలిచి, "సైట్ పరిస్థితిని బట్టి తగ్గించాం, బిల్లూ తగ్గించాం" అని ఏఈ చెబితే నోరు మూతపడినవాళ్లు చాలామంది.

పొడవుతో మొదలుపెట్టండి. అసలు ఎక్కడి నుంచి ఎక్కడికి? ఎం.బుక్‌లో ఛైనేజీ 0, అంటే కొలత మొదలైన బిందువు, అని రాసిన చోటు సైట్ ప్లాన్‌లో దొరుకుతుంది. దాన్ని కదలని గుర్తుతో కట్టేయండి, కరెంటు స్తంభం నంబరు అయితే బాగుంటుంది. ఇది చేయకపోతే మీ కొలతంతా వృథా. "మీరు కొలిచింది వేరే చోటు నుంచి" అన్న ఒక్క మాటతో కొట్టేస్తారు. టేపు రోడ్డు మధ్య గీత వెంట పరచండి. మలుపులో అంచు వెంట కొలిస్తే లోపలి వైపు తక్కువ, బయటి వైపు ఎక్కువ వస్తుంది.

తర్వాత వెడల్పు. ప్రతి 10 మీటర్లకు సుద్దతో గీత గీసి, ఆ గీత దగ్గర రోడ్డుకు అడ్డంగా, కాంక్రీటు అంచు నుంచి అంచుకు కొలవండి. 120 మీటర్ల రోడ్డుకు 13 కొలతలు వస్తాయి. మూడు చోట్ల కొలిచి సగటు తీస్తే చెల్లదు. శివారు రోడ్లు ఒకచోట ఇంటి ర్యాంపు ముందుకొచ్చి, ఇంకోచోట స్తంభం అడ్డొచ్చి ప్రతి ఇరవై అడుగులకూ వెడల్పు మారుతుంటాయి. డ్రెయిన్ గోడను రోడ్డులో కలపొద్దు. అది వేరే ఐటమ్, దానికి వేరే డబ్బు. మ్యాన్‌హోల్ చుట్టూ కాంక్రీటు వేయని ఖాళీలుంటే విడిగా రాసుకోండి, ఎం.బుక్‌లో వాటిని డిడక్షన్లుగా (తీసివేతలుగా) చూపారో లేదో చూడాలి.

కూడలి సంగతి మరవొద్దు. రోడ్ నం. 4 ఒక పని, దాన్ని కోసే రోడ్ నం. 5 మరో పని అయితే, మధ్యలో ఉన్న చదరం రెండు ఎం.బుక్‌లలోనూ ఎక్కే వీలుంది. 5.50 మీటర్లు, 5 మీటర్ల రోడ్లు కలిసే చోట అది 27.5 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్ల మందానికి నాలుగు ఘనపు మీటర్లకు పైనే. ఒక కూడలికి చిన్న మొత్తమే, పదిహేను కూడళ్లున్న లేఅవుట్‌లో కాదు.

ఇక మందం. అందరూ బోల్తాపడేది ఇక్కడ. రోడ్డు అంచు దగ్గర మట్టి గీకి, టేపు పెట్టి, 15 సెంటీమీటర్లు ఉందని తృప్తిపడి వచ్చేస్తారు. అంచు మందం దేనికీ రుజువు కాదు. కాంక్రీటు పోసేముందు రెండు వైపులా ఇనుప ఛానళ్లు నిలబెడతారు, వాటి ఎత్తు 15 సెంటీమీటర్లే. కాబట్టి అంచు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మధ్యలో బెడ్‌ను చదును చేయకుండా పైకి ఉబ్బుగా వదిలేస్తే, అంచున 15, నడుమ 10 వస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బండి చక్రాలు తిరిగే చోట పొడవునా పగులు వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

గునపం తెచ్చి మీరే నడుమ పొడిచి చూడొద్దు. ప్రభుత్వ ఆస్తి పాడుచేశారని కేసు మీమీదే పడుతుంది, పొడిచిన గుంతలో మందం సరిగా కొలవనూ లేరు. చేయాల్సింది కోర్ కటింగ్. స్థూపాకారపు నమూనా తీసి, దాని ఎత్తు చుట్టూ కనీసం మూడు చోట్ల కొలిచి సగటు చూస్తారు. సమాచార హక్కు చట్టంలోనే, సెక్షన్ 2(జె)లో, పనిని తనిఖీ చేసే హక్కుతో పాటు మెటీరియల్ ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉంది. దాన్ని వాడేవాళ్లు అరుదు. రెండో దరఖాస్తుగా అదే అడగండి: మూడు కోర్లు, అన్నీ రోడ్డు నడుమ భాగంలో, ఏ చోట్లో మీ సమక్షంలో నిర్ణయించాలి. చోటు ఏఈకి వదిలేస్తే కోర్ అంచుకు అడుగు దూరంలోనే దిగుతుంది. తీసిన రంధ్రాలు అదే గ్రేడు కాంక్రీటుతో పూడ్చాలనీ రాయండి.

కోర్ బలం కూడా పరీక్షిస్తే, కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సగటు, ఆ గ్రేడుకు చెప్పిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం20 గ్రేడు (చెప్పిన బలం 20) అయితే సగటు 17, ఒక్కోటి కనీసం 15 న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకు.

కాంక్రీటు కింద దాగినవి ఇంకా ఉన్నాయి. మట్టి తవ్వకం, గ్రావెల్ పరుపు, ప్లెయిన్ కాంక్రీటు బెడ్ ఎం.బుక్‌లో విడివిడిగా ఉంటాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోసేసి తవ్వకానికీ గ్రావెల్‌కూ బిల్లు ఎత్తడం పాత విద్య. టేపు అక్కర్లేదు, గేటు ముందు మెట్లు లెక్కపెట్టండి. ముందు రెండు మెట్లుండి ఇప్పుడు ఒకటే ఉంటే, వాననీరు వాకిట్లోకి వస్తుంటే, రోడ్డు పైకి లేచిందన్నమాట. ఎం.బుక్‌లో 30 సెంటీమీటర్ల తవ్వకం రాసి, 15 గ్రావెల్, 15 కాంక్రీటు వేసినట్టు చూపితే, కొత్త రోడ్డు పాతదాని మట్టంలోనే ఉండాలి. ఆరు అంగుళాలు లేచిందంటే ఏదో ఒక వరుస కాగితం మీదే ఉంది. పాత ఫొటోల్లో గేటు, మెట్టు కనిపించేవి ఏవైనా ఉంటే జతచేయండి. గృహప్రవేశం ఆల్బమ్ అయినా సరే.

లెక్క ఇలా వేయండి. ఎం.బుక్: 120 × 5.50 × 0.15 = 99 ఘనపు మీటర్లు. మీ 13 కొలతల సగటు వెడల్పు 4.90 అయితే: 120 × 4.90 × 0.15 = 88.2. తేడా 10.8. కోర్‌లో మందం 12 సెంటీమీటర్లే వస్తే: 120 × 4.90 × 0.12 = 70.56. అంటే 99కి డబ్బిచ్చి 28.44 పోగొట్టుకున్నారు, పావు వంతుకు పైనే. ఈ తేడాను అగ్రిమెంటు రేటుతో గుణించండి. ఎస్టిమేట్ రేటుతో గుణించొద్దు. కాంట్రాక్టరు టెండరు లెస్‌కు, అంటే అంచనా కంటే తక్కువకు, వేసి ఉంటే రెండూ వేరు. మీరు పెద్ద రేటు పట్టుకుని కూర్చుంటే, మిగతా లెక్కంతా తప్పని తోసేయడానికి అదొక్కటి చాలు.

రెండు శాతం లోపు తేడా వస్తే వదిలేయండి. అర సెంటీమీటరు మందానికీ గొడవపడొద్దు. చేతిపని అన్నాక ఆ మాత్రం ఉంటుంది, దాన్ని కూడా పట్టుకుంటే పెద్ద తేడా దగ్గర మీ మాట ఎవరూ వినరు.

నాలుగో పని: ఒక పేజీ ఉత్తరం

కమిషనర్‌కు, నకలు క్వాలిటీ కంట్రోల్ విభాగానికి. ఎడమ గడిలో ఎం.బుక్ నంబరు, పేజీ, అందులోని అంకె. కుడి గడిలో మీ కొలత, తేదీ. కింద ఒకే కోరిక: సంయుక్తంగా మళ్లీ కొలవాలి, అప్పటిదాకా మిగతా చెల్లింపు ఆపాలి. అవినీతి, దోపిడీ అన్న మాటలు ఒక్కటీ వద్దు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు అగ్రిమెంటులో ఎంతుందో చూసి, ఆ తేదీ ఉత్తరంలో రాయండి. ఆ గడువులోపు వచ్చిన పగుళ్లను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి.

రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అదే పేజీ ఇవ్వండి. మరో నకలు స్టేట్ ఆడిట్ శాఖ జిల్లా కార్యాలయానికి. మున్సిపాలిటీ పద్దులు చూసేది వాళ్లే, పేజీ నంబరుతో వచ్చిన అభ్యంతరం వాళ్లకు సిద్ధాన్నం. కొలవడానికి ఏఈ వచ్చే రోజు మీ స్టీలు టేపు మీరే తీసుకెళ్లండి, 13 సుద్ద గీతలూ ముందు రాత్రే మళ్లీ గీసి ఉంచండి.