వ్యాసం మొదటి వాక్యం చప్పగా వస్తోందా? ముందు ఎర్ర పెన్నుకు మూత పెట్టండి

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా తెలుగు వ్యాసాలు దిద్దేవాళ్ల కోసం ఇది. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మీరు ఎప్పుడో చెప్పేసి ఉంటారు కాబట్టి అటు వెళ్లను.

సమస్య 1: క్లాసంతా ఒకటే మొదలు

"నేటి ఆధునిక యుగంలో", "మానవుడు సంఘజీవి", "అనాదిగా"... గైడులోంచి దించారని తిట్టే ముందు ఒకసారి బోర్డు చూడండి. నమూనాకని మీరే రాసిన వాక్యం అక్కడ ఉండి ఉంటుంది. చెరిపేయండి. మూడు రకాల మొదళ్లు చదివి వినిపించండి, రాసుకోనివ్వొద్దు.

సమస్య 2: పుట్టిన తేదీతో మొదలు

"గాంధీజీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు." తప్పేం లేదు, కానీ చదివేవాడికి అప్పుడే ఆవలింత. ఇక్కడ చేయాల్సిన పని ఒక్కటే, ఎంతమందికి చెప్పినా చేయరు: మొదటి పేరాను అరచేత్తో మూసి రెండో పేరా నుంచి చదవండి. ఉప్పు సత్యాగ్రహం అక్కడెక్కడో దాక్కుని ఉంటుంది. దాన్ని పైకి తెస్తే, "గుప్పెడు ఉప్పు కోసం 60 ఏళ్ల మనిషి కర్ర పట్టుకుని 24 రోజులు నడిచాడు" అని మొదలవుతుంది. పుట్టిన తేదీ కిందికి పోతుంది, అంతే.

సమస్య 3: నోటితో బాగా చెబుతారు, కాగితం మీద చచ్చుబడుతుంది

నన్ను ముంచింది ఇదే. రెండేళ్లపాటు పిల్లలకు ఊహ లేదనుకున్నాను. సామెతతో మొదలెట్టమన్నాను, ప్రశ్నతో మొదలెట్టమన్నాను. సామెతలూ ప్రశ్నలూ వచ్చాయి గానీ ప్రాణం రాలేదు.

ఒకరోజు 'నీటి పొదుపు' వ్యాసాలు దిద్దుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీ తెరుచుకుంది. అక్కడ పెన్సిల్‌తో రాసి కొట్టేసిన ముక్క: "మా వీధి కుళాయి అర్ధరాత్రి వస్తుంది. అమ్మకు అలారం అక్కర్లేదు, ఖాళీ బిందెలో చుక్క పడితే చాలు లేచి కూర్చుంటుంది." ముందు పేజీలో మాత్రం "నీరు ప్రాణాధారం."

ఎందుకు కొట్టేశావమ్మా అంటే, "అర్ధరాత్రికి ధ రాయాలో థ రాయాలో డౌటొచ్చింది సార్" అంది. అంతకుముందు వారమే "అర్థరాత్రి" అని రాసిన పిల్లాడి పుస్తకాన్ని, ఎర్రగా సున్నా చుట్టి, క్లాసంతటికీ చూపించింది నేనే.

పిల్లలు మంచి వాక్యం వెతకడం మానేసి దెబ్బ తగలని వాక్యం వెతుక్కుంటున్నారన్నమాట. గైడు వాక్యంలో అక్షరదోషాలు ఉండవు కదా!

మీ క్లాసులోనూ ఇదేనేమో తెలియాలంటే నోట్‌బుక్ చివరి పేజీలు తిప్పండి. ఉంచిన వాక్యం కంటే కొట్టేసిన వాక్యం బాగుంటే అనుమానం అక్కర్లేదు.

ఇలా సరిచేయండి. రఫ్ మీద ఎర్ర ఇంకు పడకూడదు. మొదటి వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఎక్కడ చూశావు?" అని రాసి వదిలేయండి. వత్తులు, గుణింతాలు మర్నాడు ఫెయిర్ కాపీలో దిద్దండి. తప్పులు వదిలేయమనడం లేదు, ఒక్కరోజు ఆగమంటున్నాను. రాయబోయే ముందు పక్కవాళ్లకు నోటితో చెప్పించి, ఆ చెప్పిన మాటే రాయించండి. వారంలో మారిపోతారని ఆశపడొద్దు. నామీద నమ్మకం కుదరడానికి మా పిల్లలకు నాలుగైదు వ్యాసాలు పట్టింది.

మిగతావి అరుదు

ఇంట్లో పెద్దవాళ్లు రాసిచ్చారా, ఫోన్‌లోంచి దించారా అని తెగ టెన్షన్ పడకండి. గట్టిగా చదవమంటే రెండో లైన్లోనే నాలుక తడబడుతుంది. అంశం మరీ పెద్దదైతే, 'పర్యావరణం' బదులు 'మా ఊరి చెరువు' అని ఇవ్వండి.