ఆగిన ఎలివేటర్ తనంతట తనే తిరిగితే

సమస్య: వడ్ల మిల్లులో బకెట్ ఎలివేటర్ (బెల్టుకు కట్టిన బకెట్లతో వడ్లను పైకి ఎత్తేది) ఆగింది. అడుగున జామైన వడ్లు తీయడానికి హమాలీ చెయ్యి పెట్టాడు. స్టార్టర్ ఎవరూ ముట్టకుండానే మోటారు తిరిగి వేళ్లు చితికాయి.

వరంగల్ నుంచి సుల్తానాబాద్ దాకా ఎక్కడడిగినా ఒకటే జవాబు. "మెయిన్ దించారా?" అంటే "స్టాప్ ఒత్తినం కదన్నా!" స్టాప్ ఒత్తితే స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ వదులుతుందంతే, కరెంటు స్టార్టర్ దాకా వచ్చే ఉంటుంది. కరెంటు పోయి ఆగితే ఆ స్టాప్ కూడా ఎవరూ ఒత్తరు. మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, చెయ్యి పెట్టేవాడే జేబులో వేసుకోవాలి. సేటు దగ్గర కాదు, ఆపరేటర్ దగ్గర కాదు.

అసలు దొంగ బాయికాడి ఆటో స్టార్టర్. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక, బావుల దగ్గరే వాటిని తీసేయమన్నారు. మిల్లులో ఇంకా వేలాడుతుంటే ఏమనాలి? మూడు ఫేజులూ వచ్చాయని చూసుకుని, పెట్టిన టైము గడిచాక మోటారును తనే వేయడం దాని పని. మనిషి లేని బావికి అది సుఖమే. మిల్లులో కరెంటు పోగానే ఆపరేటర్ ఛాయ్‌కి పోతాడు, ఇదే సందని హమాలీ అడుగు మూత తీస్తాడు. కరెంటు వచ్చి లైట్లు వెలుగుతాయి, మోటారు మాత్రం తిరగదు. ఆఫ్‌లోనే ఉందనుకుని చెయ్యి లోపలికి పోనిస్తాడు. టైమర్ అప్పుడు నిండుతుంది.

తేల్చుకోవాలంటే ఎలివేటర్ ఖాళీ చేసి, మనుషుల్ని దూరం పెట్టి, నడుస్తుండగా ఆ మోటారు మెయిన్ దించి మళ్లీ లేపండి. ఓ పది నిమిషాలు చూడండి. పచ్చ బటన్ ఒత్తకుండా తిరిగితే దొరికినట్టే.

మాన్యువల్‌కు తిప్పి వదిలేయొద్దు, రాత్రి షిఫ్టువాడు మళ్లీ ఆటోకు తిప్పుతాడు. పెట్టె పీకేసి పచ్చ, ఎర్ర బటన్ల మామూలు స్టార్టర్ వేయించండి. కరెంటు పోతే కాంటాక్టర్‌ను పట్టి ఉంచే కాయిల్ వదిలేస్తుంది, మనిషి ఒత్తితేనే మళ్లీ పడుతుంది.

ఆటో స్టార్టర్ లేకున్నా తిరిగిందా? మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఆటో రీసెట్‌లో (తనే మళ్లీ కలిపేలా) ఉందేమో చూడండి. బటన్లు కాక తిప్పుడు స్విచ్ ఉన్న మోటారైతే, ట్రిప్పయినా రిలే చల్లారగానే మళ్లీ అందుకుంటుంది. రిలేను మాన్యువల్ రీసెట్‌కు మార్చి, స్విచ్ తీసి బటన్లు పెట్టించండి.

ఫ్యూజులు పీకినా వెనక్కి తిరిగితే నిండిన బకెట్ల బరువే లాగుతోంది, వెనక్కి తిరగకుండా పట్టే బ్యాక్‌స్టాప్ అరిగింది. దాన్ని మార్చేదాకా, బెల్టు కదలకుండా కట్టాకే మూత తీయండి.

కాంటాక్టర్ అతుక్కుపోతే స్టాప్ ఒత్తినా ఆగదు, వెంటనే తెలిసిపోతుంది, మార్చేయండి. ఎలుకలు కంట్రోల్ వైరు కొరకడం అరుదు, ఇవన్నీ అయ్యాకే అటు చూడండి.