వైజాగ్‌లో సొంత ఫిజియో క్లినిక్, పాఠం 5: మూడో సిట్టింగ్ తర్వాత పేషెంట్ ఎక్కడికి పోతున్నాడు?

పోయిన పాఠంలో గది, అద్దె, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి) ఆఫీసు రిజిస్ట్రేషన్ వరకూ వచ్చి ఆగాం కదా. మద్దిలపాలెంలో లిఫ్ట్ లేని ఫస్ట్ ఫ్లోర్ తీసుకుని మోకాళ్ళ నొప్పులోళ్ళందరినీ మెట్లెక్కించిన నా తెలివితేటలు విని ఇద్దరు జూనియర్లు ఫోన్ చేసి మరీ నవ్వారు, నవ్వనివ్వండి, మీరు మాత్రం ఆ తప్పు చెయ్యకండి.

ఇప్పుడు ఎక్కువమంది అడిగేది ఇదీ: బోర్డు పెట్టాం, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టాం, కొత్త మొహాలు వస్తూనే ఉన్నాయి, అయినా నెలాఖరుకి అద్దె, కరెంటు బిల్లు, అసిస్టెంట్ జీతం పోను చేతిలో ఏమీ ఉండట్లేదు, ఇన్‌స్టాలో యాడ్స్ వేద్దామా? వద్దండీ. ముందు రిజిస్టర్ తియ్యండి.

చిల్లు కుండలో ఎన్ని బిందెలు పోసినా అంతే. ఊరికే ఒక లెక్క వేసుకుందాం. నెలకి 40 మంది కొత్తవాళ్ళు, సిట్టింగ్‌కి 300 రూపాయలు, ఒక్కొక్కళ్ళకి మీరు చెప్పింది సగటున 7 సిట్టింగ్‌లు, కానీ వాళ్ళు వచ్చింది 4. అంటే 160 సిట్టింగ్‌లు, 48,000 రూపాయలు. అదే 40 మంది సగటున 6 సార్లు వస్తే 240 సిట్టింగ్‌లు, 72,000. ఒక్క కొత్త పేషెంట్ లేకుండా, ఒక్క యాడ్ లేకుండా 24,000 తేడా. ఇందులో ఇంకో విషయం ఉంది, మధ్యలో మానేసినవాడు ఖాళీగా కూర్చోడు, "ఫిజియోకి వెళ్ళానండీ, కరెంటు పెట్టారు, ఏం తగ్గలేదు" అని వీధిలో పదిమందికి చెప్తాడు. పూర్తి చేసినవాడు కూడా చెప్తాడనుకోండి, వేరేలా.

సరే, రిజిస్టర్‌లో ఏం చూడాలి? మామూలుగా మనం పేరు, వయసు, ఫోన్ నంబరు, కంప్లైంట్ రాసి వదిలేస్తాం. ఇంకో మూడు గళ్ళు గియ్యండి: ఎన్ని సిట్టింగ్‌లు చెప్పాం, ఎన్నిసార్లు వచ్చారు, ఎందుకు ఆపారు. ఎక్సెల్ రాకపోతే రూళ్ళ పుస్తకం చాలు, నేను రెండేళ్ళు దాంతోనే నడిపాను. గత మూడు నెలల పేర్లు ఇలా నింపితే జనం ఎక్కడెక్కడ జారిపోతున్నారో కనిపిస్తుంది, అన్ని చోట్లా కారణం ఒకటే కాదు.

ఒక్కసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళు ఎక్కువుంటే రేటు గురించి కంగారు పడకండి, చాలాసార్లు మీరు మొదటిరోజు మాట్లాడిన తీరే కారణం. మూడు నాలుగు సార్లు వచ్చి ఆపేస్తే రెండే రకాలు, కాస్త నొప్పి తగ్గింది ఇంక అయిపోయిందనుకున్నవాళ్ళు, ఎక్సర్‌సైజు చేశాక నొప్పి పెరిగి భయపడినవాళ్ళు. ఆరేడు సార్లు వచ్చి ఆగిపోయారంటే టైం కుదరకో దూరమయ్యో అయ్యుంటుంది. గాజువాక వైపు క్లినిక్ ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు, స్టీల్ ప్లాంట్ ఆయనకి షిఫ్ట్ మారితే మీరిచ్చిన సాయంత్రం 6 గంటల టైం గంగలో కలిసినట్టే. మొదటిరోజే "మీకు షిఫ్ట్ ఎప్పుడు మారుతుందండీ" అని అడిగి రెండు రకాల టైములు రాసిచ్చేస్తే ఆ గొడవ సగం పోతుంది.

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది మొదటిరోజు మాట. దీనికి 40 నిమిషాలు పెట్టుకోండి, అందులో మెషిన్ మీద పడుకోబెట్టేది చివరి 10 నిమిషాలే. మనలో చాలామంది ఉల్టా చేస్తాం, రాగానే ఐఎఫ్‌టీ (నొప్పికి సన్నగా కరెంటు పెట్టే మెషిన్) ప్యాడ్‌లు అంటించేసి ఫోన్ చూసుకుంటాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గోపాలపట్నం నుంచి ఒక మామ్మగారు వచ్చారు, షుగర్ ఉంది, కుడి భుజం పట్టేసింది.

"ఏటి బాబూ, పది రోజుల్లో తగ్గిపోద్దా?"

ఇక్కడే చాలామంది "తగ్గిపోద్ది మామ్మగారూ" అనేస్తారు. అనకండి. షుగర్ ఉన్నవాళ్ళకి భుజం పట్టేయడం మామూలు వాళ్ళకంటే ఎక్కువే వస్తుంది, లొంగడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పది రోజులని చెప్తే పదకొండో రోజుకి మీరు అబద్ధాలకోరు. దానికి బదులు "నొప్పి సంగతి పక్కన పెట్టండి, ఈ చెయ్యి వల్ల ఏ పని ఆగిపోయింది మామ్మగారూ?" అని అడగండి.

"జడేసుకోడానికి అవ్వట్లేదు బాబూ, కోడల్ని అడగాల్సొస్తంది."

చూశారా, అదీ అసలు కంప్లైంట్. "భుజం నొప్పి" అని రాసుకోకండి, "తన జడ తను వేసుకోవాలి" అని రాసుకోండి. తర్వాత కొలత. గోనియోమీటర్‌తో, అదే కీలు కదలికని డిగ్రీల్లో కొలిచే స్కేలుతో, చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసి చెప్పండి, కానీ 70 డిగ్రీలంటే ఆవిడకి ఏం అర్థమవుతుంది, అందుకని గోడ దగ్గర నిలబెట్టి వేళ్ళతో పాకించి ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్ గీత గీసి పక్కన తేదీ, పేరు పొట్టి అక్షరాల్లో రాయండి. మా క్లినిక్ గోడ నిండా ఆ గీతలే, ఇంటి ఓనరు చూసినప్పుడల్లా నిట్టూరుస్తాడు, సున్నం నేనే వేయిస్తానని ఒప్పుకున్నాను. రెండు వారాలకి గీత నాలుగు వేళ్ళు పైకి లేస్తే ఆవిడే పక్కింటావిడని తీసుకొచ్చి చూపిస్తుంది. మోకాళ్ళ వాళ్ళకైతే కుర్చీ లెక్క ఉంది, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం, పడిపోతామని భయపడే పెద్దవాళ్ళకి కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి పట్టే టైం. రూపాయి ఖర్చు లేదు వీటికి.

ఆ తర్వాత మూడు మాటలు ఖాయంగా చెప్పాలి, ఇవి చెప్పకపోతే మూడో సిట్టింగ్ దగ్గర ఫట్. ఒకటి, నొప్పి ముందు తగ్గుతుంది, బలం తర్వాత వస్తుంది, కండకి బలం రావాలంటే వారాలు పడుతుంది, కాబట్టి నొప్పి తగ్గిన రోజు మానెయ్యడం అంటే కూర ఉడక్కముందే స్టవ్ కట్టెయ్యడం. రెండు, ఎక్సర్‌సైజు చేశాక కాస్త నొప్పొస్తే మర్నాటికి సర్దుకుంటే ఫర్లేదు, అంతకంటే ఎక్కువుంటే ఆపెయ్యకండి, నాకు ఫోన్ చెయ్యండి, డోసు తగ్గిద్దాం. మూడు, ఎప్పటికి నన్ను వదిలెయ్యొచ్చో కూడా ఇవాళే చెప్తాను. ఈ మూడోది చెప్పడానికి మనవాళ్ళకి నోరు రాదు, పేషెంట్ పోతాడని భయం. నిజానికి చివర ఎక్కడో తెలిసినవాడే చివరి దాకా వస్తాడు. మామ్మగారికైతే నేను చెప్పేది, మొదటి నెల వారానికి రెండుసార్లు రండి, తర్వాత వారానికి ఒకసారి, మిగతాదంతా ఇంట్లో మీరే. ఇంటికి మూడు ఎక్సర్‌సైజులు మించి ఇవ్వకండి, ఎనిమిది ఇస్తే ఒక్కటీ చెయ్యరు.

ఒక్కటి మర్చిపోకూడదు. నడుము నొప్పితో వచ్చినవాళ్ళకి ఒంటికి రెంటికి కంట్రోల్ పోయినా, తొడల మధ్య తిమ్మిరి ఉన్నా సిట్టింగ్ గిట్టింగ్ లేదు, అప్పటికప్పుడు కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్దాసుపత్రికో పంపించండి, ఆ రోజు ఆదాయం గురించి ఆలోచించకండి.

ఇక ప్యాకేజీ. పది సిట్టింగ్‌ల డబ్బు ముందే తీసుకుంటే జనం మానరని ఎవరో చెప్తే నేనూ మొదలుపెట్టాను, ఒకాయనకి ఆరు సిట్టింగ్‌లకే తగ్గిపోయింది, మిగతా నాలుగింటి డబ్బు అడిగితే "ప్యాకేజీ అంతేనండీ" అన్నాను, ఏదో రూలు ఉన్నట్టు. 1,200 రూపాయలు మిగిలాయి, ఆయన వాళ్ళ అపార్ట్‌మెంట్ మొత్తం మిగల్లేదు. ఇప్పుడు ఐదు సిట్టింగ్‌లకే అడ్వాన్స్, వాడనివి అడక్కముందే తిరిగిచ్చేస్తాం, ఆ మాట రసీదు మీదే ఉంటుంది.

రాని రోజు ఫోన్ చెయ్యడం రిసెప్షన్ అమ్మాయికి నేర్పించండి. "ఎందుకు రాలేదండీ" అంటే అప్పులవాళ్ళ ఫోన్‌లా ఉంటుంది. "మోకాలు ఎలాగుంది మాస్టారూ, నిన్న మెట్లు దిగారా?" అంటే తనే మొత్తం చెప్తాడు, ఆ చెప్పింది "ఎందుకు ఆపారు" గడిలో రాయమనండి. సంక్రాంతికైతే ఫోన్లు దండగ, ఊరు ఊరంతా శ్రీకాకుళం, విజయనగరం వెళ్ళిపోతుంది, భోగికి వారం ముందే పది రోజుల ఇంటి ఎక్సర్‌సైజులు వాట్సాప్‌లో పెట్టి తిరిగొచ్చే తేదీ రాసుకోండి.

వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో సీజన్ ఉంది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు, మర్నాటి నుంచి మడమలు, మోకాళ్ళు, పిక్కలు మన గుమ్మంలో వరస కడతాయి. వీళ్ళకి పది సిట్టింగ్‌లు అంటగట్టడం పాపం, చాలామందికి రెండు మూడు రోజుల విశ్రాంతి, ఒకటి రెండు సిట్టింగ్‌లు చాలు, ఆ మాటే చెప్పి పంపించండి. కానీ పేరూ నంబరూ రాసుకుని, మెసేజ్ పెట్టొచ్చా అని అడిగి, మళ్ళీ వైశాఖం వచ్చినప్పుడు ఒక మెసేజ్ పెట్టండి: "ఈసారి కూడా కొండ చుట్టూ నడుస్తారా, అయితే ఇప్పట్నుంచే మోకాళ్ళకి బలం పెట్టుకుందాం." నేను యాడ్స్ మీద పెట్టిన డబ్బుకి రాని పేషెంట్లు ఈ ఒక్క మెసేజ్‌కి వచ్చారు, వచ్చినవాళ్ళు చెప్పిన సిట్టింగ్‌లన్నీ పూర్తి చేశారు కూడా, ఎందుకంటే వాళ్ళకి ఒక తేదీ ఉంది, స్వామి పెట్టిన తేదీ.

ఆదివారం లోపు చెయ్యాల్సిన పని: గత మూడు నెలల పేర్లన్నీ ఆ మూడు గళ్ళతో నింపండి, వాళ్ళు వచ్చిన మొత్తం సిట్టింగ్‌లని మొత్తం మందితో భాగించి ఆ అంకె మొదటి పేజీలో పెద్దగా రాయండి. తర్వాత మూడు నాలుగు సార్లు వచ్చి ఆగిపోయినవాళ్ళలో ఐదుగురిని పట్టుకుని మీరే స్వయంగా ఫోన్ చెయ్యండి, రమ్మనడానికి కాదు, ఊరికే ఎలా ఉన్నారో కనుక్కోడానికి. వాళ్ళు చెప్పింది ఉన్నదున్నట్టు వాళ్ళ మాటల్లోనే రాయండి, తిట్టినా సరే. ఆరో పాఠంలో ఆర్థో డాక్టర్ల దగ్గరికి వెళ్ళి కమిషన్ మాట లేకుండా రిఫరెన్స్ ఎలా అడగాలో చూద్దాం, దానికి ఈ అంకె చేతిలో ఉండాలి.